సీ రవూఫ్ రాసిన చప్పటి వాక్యం

మా స్ఫాక్స్‌లో తెనియూర్ రోడ్డు నాలుగో కిలోమీటరు చుట్టుపక్కల సీ రవూఫ్ ఎల్లూజ్‌ని తెలియనివాళ్ళు లేరు. సీ అంటే మా దగ్గర గారు అన్నట్టు. ఆయన ఏం చేస్తాడో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. పొద్దున సాంకేతిక కళాశాలలో పాఠాలు చెబుతాడు, అంతవరకు సరే. మధ్యాహ్నం ఇంటికొచ్చి, పెరట్లో బాదంచెట్టు కనిపించే కిటికీ దగ్గర కూర్చున్నాడంటే చీకటి పడేదాకా లేవడు. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే "కెర్నల్ చూసుకుంటున్నాను" అంటాడు. కాఫీ హోటల్ హాదీకి అది ఊరి బయట ఎక్కడో ఉన్న తోట అని గట్టి నమ్మకం. కనబడ్డప్పుడల్లా "ఈ ఏడు కాపెలా ఉంది సీ రవూఫ్?" అని పలకరించేవాడు. "చీడ పట్టకుండా చూస్తున్నాను, అంతే" అనేవాడు ఈయన. "అయితే మందు కొట్టించు" అనేవాడు హాదీ. పదహారేళ్ళుగా ఈ సంభాషణ ఇలాగే నడుస్తోంది.

కంప్యూటర్ వెలగగానే అన్నిటికంటే ముందు లేచి, ఆరేటప్పుడు అన్నిటికంటే ఆఖర్న పడుకునే భాగం ఒకటుంటుంది. తెరమీద మనం చూసేవన్నీ దాని మీద నిలబడినవే. అదే కెర్నల్. రవూఫ్ చూసుకునే కెర్నల్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఏ దేశంలోనో ఎవరో రాస్తారు, ఇంకెవరో సరిదిద్దుతారు, చదవాలనుకున్నవాళ్ళు చదవొచ్చు, వాడుకోవాలనుకున్నవాళ్ళు వాడుకోవచ్చు. ఆసుపత్రులు, రేవులు, విమానాశ్రయాలు అన్నీ దాన్నే వాడుకుంటాయి. అందులో రవూఫ్ వాటా వేలెడంత. నెట్‌వర్క్ మీద పోయే సందేశం పెద్దదైతే ముక్కలు చేసి పంపుతారు. అవతలి కంప్యూటర్ ఆ ముక్కల్ని వరసలో పెట్టి మళ్ళీ అతికించుకోవాలి. ఆ అతికించే చోటికి కాపలా మన రవూఫ్. అక్కడ ఎవరు ఏం మార్చాలన్నా ముందు ఈయన చదివి ఔననాలి. జీతం లేదు. ఔనన్నవాడి పేరు మాత్రం ఆ మార్పు పక్కన ఎప్పటికీ చెరగకుండా ఉండిపోతుంది. ఆ పేరు కోసమే ఆయన పదహారేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నాడు. భార్య సల్వా దీన్ని పిచ్చి అనేది. నన్నడిగితే నేనూ అదే అంటాను.

కాపలా గుణం ఆయనకి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి బషీర్ తపాలా కచేరీలో తంతులు, అంటే టెలిగ్రాములు, చూసేవాడు. ఊళ్ళో ఎవరు పోయారో, ఎవరికి పెళ్ళి కుదిరిందో అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన నోట ఒక్క ముక్క బయటికి రాలేదు. ఒకసారి ఎదురింటివాళ్ళ కొడుకు ఓడమీద చనిపోయాడని తంతి వచ్చింది. బషీర్ ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, వాకిట్లో నిలబడ్డ ఆ తల్లికి సలాం చెప్పి, అన్నం తిని, తిరిగి కచేరీకి పోయాడు. తంతి తన వరస ప్రకారం సాయంత్రం బంట్రోతు చేతిలో చేరింది. ఊరంతా బషీర్‌ని మెచ్చుకుంది. ఆ తల్లి మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ ఆయన సలాం తీసుకోలేదు. రవూఫ్ చిన్నప్పుడు ఈ కథలో మెచ్చుకోలు వరకే విన్నాడు.

ఇక లస్సాద్. కెర్కెన్నా దీవి నుంచి రోజూ పడవలో వచ్చి చదువుకున్న పిల్లాడు, జాలరి కొడుకు. రవూఫ్ పాఠాల్లో నిద్రపోని కొద్దిమందిలో ఒకడు. ఇరవై ఏళ్ళయింది ఆ చదువు ముగిసి. ఈ కథ జరిగేనాటికి మా ఊళ్ళో ఒక డయాలసిస్ కేంద్రంలో కంప్యూటర్లన్నీ అతనే చూసేవాడు. ఎవరి రక్తం ఏ రోజు శుభ్రం చేయాలి, ఎవరి బరువెంత, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ ఆ కంప్యూటర్లలోనే. రవూఫ్‌కి పిల్లల్లేరు. లస్సాద్‌ని కొడుకులా చూసుకున్నాడని నేను అనను. కొడుకులతో మనం అంత మర్యాదగా ఉండం.

లస్సాద్‌కి రవూఫ్ నేర్పినవాటిలో ముఖ్యమైనది పుస్తకాల్లో ఉండదు. కెర్నల్ పనివాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. ఎక్కడైనా దొంగ దూరేంత కన్నం కనబడితే దాన్ని రహస్యంగా పూడ్చలేరు, ఎందుకంటే రాసేదంతా బహిరంగం, దొంగలూ చదువుతారు. అందుకని పూడ్చిన రోజు, ఏం చేశామో చెప్పే వాక్యాన్ని కావాలనే చప్పగా రాస్తారు. ఏదో సర్దాం, తుడిచాం, సరళం చేశాం అని. పెద్ద పెద్ద సంస్థలు తమ యంత్రాలు సరిచేసుకునేదాకా ఒక గడువు పెట్టుకుని, ఆ గడువు ముగిసే రోజు అసలు సంగతి ప్రకటిస్తారు. అప్పటిదాకా తెలిసినవాళ్ళు నోరు విప్పకూడదు. అలా అని మాటిస్తారు.

ఈ సంగతి చెప్పి రవూఫ్ అనేవాడు: "వాక్యం చప్పగా ఉంటే రాసినవాడి పేరు చూడు. పనికిమాలిన పని పెట్టుకోని మనిషైతే, ఆ రోజే యంత్రాలు ఆపి సవరణ వేసుకో. ఎవర్నీ కారణం అడక్కు."

లస్సాద్ ఏళ్ళ తరబడి అలాగే చేశాడు. అతని కేంద్రంలో ఒక్కసారి కూడా దొంగ పడలేదు.

ఆ ఏడు రంజాన్‌కి నెల ముందు రవూఫ్‌కి కన్నం కనబడింది. అదీ తన చోటులోనే. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఒక పద్ధతిలో పడేట్టు ఎవరైనా కావాలని పంపితే, మొత్తం పొడవు అసలుకంటే తక్కువని లెక్క తేలుతోంది. కెర్నల్ ఆ తక్కువ లెక్క ప్రకారం చోటు తీసి, ఎక్కువ సరుకు నింపుతోంది. చిన్న గిన్నెలో పెద్ద కుండ ఒంపినట్టు పొంగిపోయి పక్కన పడుతోంది. పక్కన ఉన్నది కెర్నల్ సొంత సరుకు. అది చెడిందంటే ఎక్కడో కూర్చున్నవాడు ఆడించినట్టల్లా ఆ యంత్రం ఆడుతుంది. ఆ లెక్క వరసని తొమ్మిదేళ్ళ కిందట ఎవరో కుర్రాడు రాసి పంపితే, చదివి ఔనన్నది రవూఫే. పక్కన ఆయన పేరు స్పష్టంగా ఉంది.  ఆ సాయంత్రం సల్వా పళ్ళెం తెచ్చి పెట్టి, చల్లారాక తీసుకుపోయింది.

మర్నాడు, ఇలాంటి సంగతి రహస్యంగా తెలపాల్సిన కెర్నల్ పెద్దలు ఐదుగురికి రాశాడు. ఐదుగురిలో ఎవరి ముఖమూ ఆయన చూడలేదు. వారాల తరబడి ఉత్తరాలు నడిచాయి, ఉపవాసాల ఆఖరి రోజుల్లో సవరణ కుదిరింది. సోమవారం లోపలికి పంపాలని, సరిగ్గా రెండు వారాలకి వచ్చే సోమవారం ప్రకటించాలని అనుకున్నారు. మధ్యలో పండగొస్తుందని ఆ ఐదుగురికీ తెలీదు, రవూఫ్ చెప్పలేదు. వాక్యం మాత్రం ఆయనే రాశాడు: ముక్కల పొడవు లెక్కను కొంచెం సరళం చేయడమైనది. ఐదుగురిలో ఒకడు జవాబిస్తూ, చదువుతూనే నిద్రొచ్చింది, ఇంతకంటే బాగా ఎవరూ రాయలేరు అన్నాడు. రవూఫ్ ఆ మెప్పుకి లోపల్లోపల పొంగిపోయాడు.

గురువారం సాయంత్రం, ఉపవాసం విడవడానికి ఇంకా గంట ఉందనగా ఫోన్ మోగింది. వంటింట్లో సల్వా బ్రీక్‌లు, గుడ్డు పెట్టి మడిచిన పల్చటి పిండి పొరలు, వేయించడానికి నూనె పెట్టింది.

"ఉస్తాద్, నేను లస్సాద్‌ని. ఉపవాసాలు ఎలా ఉన్నాయి?"

"ముసలాణ్ణి చంపుతున్నాయి. నీకేం, కుర్రాడివి."

"నలభై రెండేళ్ళ కుర్రాణ్ణి. అమ్మ ఉప్పుచేప ఎండబెట్టింది. ఈసారి మాంచి పెద్దది పడింది. సగం మీకు."

"తల మాకు."

"తల ఏటా మీకే కదా, ఈ ఏడు కొత్తగా అడుగుతారేం. మంగళవారం తెస్తాను. చేపలోకి నంజుకోను చర్మూలా కూడా ఓ సీసా పెడతానంది." గొంతు తగ్గించాడు. "ఇంకో మాట ఉస్తాద్. సోమవారం మీ పేరుతో ఒకటి వచ్చింది. పొడవు లెక్క సరళం చేశారంట."

"ఊఁ."

"మీరు ఊరికే సరళం చేసే మనిషి కాదు కదా అని..."

 లస్సాదే అందుకున్నాడు. "ఎవర్నీ కారణం అడక్కు అన్నారు, నాకు గుర్తుంది. కానీ నా పరిస్థితి వినండి. యంత్రాలు ఆపాలంటే డైరెక్టర్ సంతకం కావాలి. చలికాలంలో రెండుసార్లు ఆపించాను, రెండూ ఉత్తవే అయ్యాయి. ఆపడమంటే నీకు సరదానా, ఇంకోసారి ఆపిస్తే నీ ఉద్యోగమే ఆపుతాను అన్నాడు. ఇప్పుడు రంజాన్, రోగుల వేళలన్నీ మారిపోయి ఉన్నాయి. మీరు ఆపమంటే మాత్రం వెళ్ళి ఆపిస్తాను. తిట్లు నేను తింటాను. ఊరికే ఒక్క మాట చెప్పండి చాలు."

ఇక్కడ రవూఫ్ మనసులో ఏం నడిచిందో తర్వాత ఆయనే చెప్పాడు గనక నాకు తెలుసు. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. తండ్రి గుర్తొచ్చాడు. ఒక్కరికి చెబితే ఆ ఒక్కరు ఇంకొకరికి చెబుతారన్నది గుర్తొచ్చింది. గడువు ఇంకా పదకొండు రోజులే కదా, ఈ పదకొండు రోజుల్లో మా ఊరి డయాలసిస్ కేంద్రం మీద ఎవడి కన్ను పడుతుంది అనిపించింది. ఇదంతా నూనెలో మొదటి బ్రీక్ చుయ్యిమన్నంతసేపు. ఆ తర్వాత ఆయన నవ్వుతూ, హాయిగా, ఏ తడబాటూ లేకుండా అన్నాడు:

"ఏం లేదురా. చూడ్డానికి వికారంగా ఉంటే కాస్త శుభ్రం చేశాను. వయసు మీద పడ్డాక ఇలాంటి పనులే మిగులుతాయి."

"అంతేనా?"

"అంతే. పండగయ్యాక తీరిగ్గా చూసుకో."

"బతికించారు ఉస్తాద్. నాలుగు రోజుల్నుంచి ఇదే గుబులు."

ఫోన్ పెట్టేసి రవూఫ్ కిటికీలోంచి బాదంచెట్టు వంక చూశాడు. తండ్రి బతికుంటే మెచ్చుకునేవాడని అనుకున్నాడట. ఈ మాట నాకు చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

మంగళవారం లస్సాద్ చేప తెచ్చాడు. గోనెగుడ్డలో చుట్టిన చేప, పైన తల, పక్కన చర్మూలా సీసా. లోపలికి రమ్మంటే రాలేదు, పడవకి వేళయిందన్నాడు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ "అయితే పండగయ్యాకే ఆపిస్తాను" అన్నాడు, అడిగినట్టు కాకుండా, చెప్పినట్టు. రవూఫ్ "ఆఁ, ఆఁ" అన్నాడు. రెండోసారి దొరికిన అవకాశం కూడా అలా చేప వాసనలో కలిసిపోయింది.

బుధవారం పండగ. మా ఊళ్ళో పండగపూట ఇంటింటా అదే ఉప్పుచేప, అదే ఎండుద్రాక్షా ఉల్లిపాయా మగ్గిన చర్మూలా. రవూఫ్ తల తిన్నాడు.

గురువారం, పండగ రెండో రోజు, పొద్దున్నే డయాలసిస్ కేంద్రం తలుపులు తీశారు. మూత్రపిండాలకి పండగ సెలవు లేదు. తెరలన్నీ నల్లగా ఉన్నాయి, మధ్యలో డబ్బు అడుగుతూ నాలుగు వరసలు. ఎవడో సోమవారంనాటి ఆ సవరణని చదివి, చప్పటి వాక్యం వెనక ఏముందో పోల్చుకుని, సరిచేసుకోని యంత్రాల కోసం ప్రపంచమంతా వెతుకుతూ మా ఊరు చేరాడు. గడువుకి నాలుగు రోజుల ముందు. వరసల కొద్దీ జనం కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. నర్సులు కాగితం కలం పట్టుకుని "నీ బరువెంత తాతా, కిందటిసారి ఎంత నీరు తీశారు" అని ఒక్కొక్కర్నీ అడుగుతున్నారు. "అదంతా మీ డబ్బాకే తెలియాలి అమ్మాయ్, నాకేం తెలుసు" అన్నాడు ఒక తాత. తెలిసినవాళ్ళు చెప్పారు. తెలియనివాళ్ళని వేరే ఊళ్ళకి పంపారు. ఎవరూ పోలేదు. ఇద్దరు మాత్రం చావు అంచుదాకా వెళ్ళి తిరిగొచ్చారు.

రవూఫ్‌కి ఈ వార్త హాదీ కాఫీ హోటల్లో తెలిసింది. హాదీ కప్పు పెడుతూ "కంప్యూటర్లకేదో రోగమొచ్చిందంట, రోగుల్ని వెనక్కి పంపుతున్నారు" అన్నాడు. ఏ కేంద్రం అని రవూఫ్ అడగలేదు. కప్పు అలాగే వదిలేసి బయటికి నడిచాడు. ఆ రోజు లస్సాద్‌కి పదకొండుసార్లు ఫోన్ చేశాడు. అతను ఎత్తలేదు.

సంగతి పొక్కిందని ఐదుగురూ గడువు ముందుకి జరిపి శుక్రవారమే ప్రకటన వేశారు. ఈసారి వాక్యం చప్పగా లేదు. ఎంత ప్రమాదమో, ఏ యంత్రాలకో అంతా రాసి, చివర్న ఈ లోపాన్ని కనిపెట్టి బాధ్యతగా తెలియజేసిన రవూఫ్ ఎల్లూజ్ గారికి కృతజ్ఞతలు అన్నారు. రాజధాని పత్రిక ఒకటి మన స్ఫాక్స్ మేధావి అని రాసింది. కళాశాలలో పూలగుత్తి ఇచ్చారు. రవూఫ్ ఆ ఐదుగురికి ఇలా జరిగిందని, నా శిష్యుడు అడిగితే ఏం లేదని చెప్పానని రాశాడు. నిద్రొచ్చిందన్నవాడే జవాబిచ్చాడు: మీ మిత్రుడి సంగతి విని విచారిస్తున్నాం, మీరు చేసిందే సరైనది. రవూఫ్ ఆ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాడు. తిట్టినా బాగుండునని నాతో అన్నాడు.

రెండు వారాలకి కేంద్రంలో విచారణ పెట్టారు. తమాషా ఏమిటంటే, కన్నం గురించి వివరించడానికి నిపుణుడిగా పిలిచింది రవూఫ్‌నే. బల్లకి ఒకవైపు డైరెక్టర్, ఒక పెద్ద డాక్టర్, బీమా తరఫు లాయరు. ఇటువైపు చివర్లో లస్సాద్. గడ్డం పెరిగింది. రవూఫ్ లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు, ఎప్పట్లాగే. కళ్ళు మాత్రం కలపలేదు.

రవూఫ్ గిన్నె, కుండ అని అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. లాయరు విని, "అంటే దీనికి మందు పది రోజుల ముందునుంచే బయట ఉంది" అన్నాడు.

"ఉంది."

"ఎవరైనా తెచ్చుకోవచ్చు. పైసా ఖర్చు లేదు."

"లేదు."

డైరెక్టర్ లస్సాద్ వైపు తిరిగాడు. "పది రోజులు నీ కళ్ళ ముందుంది. నువ్వు చూడలేదా?"

"చూశానండీ."

"చూసి ఎందుకు వేయలేదు?"

"ముఖ్యమైంది కాదనుకున్నాను."

"ఎవర్నైనా అడిగావా?"

లస్సాద్ బల్ల వంక చూస్తూ అన్నాడు. "ఎవర్నీ అడగలేదు."

  రవూఫ్ లేచి నిలబడ్డాడు.

"అడిగాడు. నన్నడిగాడు. గురువారం సాయంత్రం ఫోన్ చేసి, ఆపమంటే ఆపుతానన్నాడు. ఏం లేదు, పండగయ్యాక చూసుకోమని నేను చెప్పాను. అప్పటికి నాకంతా తెలుసు. తప్పు నాది."

 డైరెక్టర్ మెల్లగా నవ్వాడు, అదీ ఎంతో గౌరవంగా. "సీ రవూఫ్, కూర్చోండి. మా తమ్ముడు మీ దగ్గరే చదువుకున్నాడు. శిష్యుల కోసం మీరు ప్రాణమిస్తారని ఊరందరికీ తెలుసు. కన్నం కనిపెట్టినవారే కన్నం లేదని చెప్పారంటే ఎవరు నమ్ముతారు చెప్పండి?"

"నేను నిజం చెబుతున్నాను."

"ఏమయ్యా లస్సాద్, ఆ గురువారం ఫోన్ చేశావా?"

"చేశానండీ. ఉప్పుచేప గురించి."

లాయరు రాసుకున్నాడు. రవూఫ్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయన జీవితంలో చెప్పిన ఒకే ఒక్క అబద్ధాన్ని లస్సాద్ నమ్మాడు, ఇప్పుడు నిజం చెబితే పెద్దమనుషులెవరూ నమ్మలేదు. మంచిపేరు ఇంత పనికిమాలినదని ఆయనకి అంతవరకు తెలియదు. లస్సాద్‌ని ఆ పూటే తీసేశారు. బీమావాళ్ళు అతని మీద వేరే కాగితం కూడా రాశారు, ఇంకెక్కడా ఇలాంటి పని దొరకకుండా.

బయట ఎండ మండిపోతోంది. లస్సాద్ తన వస్తువులున్న అట్టపెట్టె పట్టుకుని రేవువైపు నడుస్తున్నాడు. రవూఫ్ ఆయాసపడుతూ వెనకాల వెళ్ళి అందుకున్నాడు.

"ఎందుకలా చెప్పావురా? నన్నడిగానని ఎందుకు చెప్పలేదు?"

లస్సాద్ నడక ఆపలేదు. "చెబితే ఏమవుతుంది ఉస్తాద్? ఫోన్‌లో అడిగాడంట, లోపల చదివి చూసుకోలేదంట అంటారు. అది నిజమే కదా. చదవాల్సింది. మీ పేరు చూసి, మిమ్మల్నడిగి ఊరుకున్నాను."

"నేను మాటిచ్చాను లస్సాద్. చెప్పకూడదని మాటిచ్చాను."

"తెలుసు. ప్రకటన చూసినప్పుడే తెలిసింది. మీరు చెప్పలేదని నాకు కోపం లేదు. మీరు చెప్పకూడదు. మీ స్థానంలో ఉంటే నేనూ చెప్పను."

రవూఫ్‌కి ఒక్క క్షణం ఊపిరాడింది. లస్సాద్ అప్పుడు ఆగాడు. పెట్టె కింద పెట్టి, ఆ రోజు మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాడు.

"ఆ రోజు ఫోన్‌లో 'చెప్పలేను' అని ఉంటే చాలు కదా ఉస్తాద్. ఒక్క మాట. చెప్పలేను. మీ మాట పోయేది కాదు. నేను ఆ సాయంత్రమే పోయి డైరెక్టర్ కాళ్ళు పట్టుకుని ఆపించేవాణ్ణి. మీరు నేర్పిందేగా అది. మీరు ఫోన్ ఎత్తకపోయినా నాకు అర్థమయ్యేది. కానీ మీరు నవ్వారు."

 ఆ మాట రవూఫ్‌కి తట్టనే లేదు. ఆ గురువారం నుంచి ఆ రోజు దాకా, ఎన్నోసార్లు ఆ ఫోన్‌ని మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. చెప్పడమా, దాచడమా అన్న రెండే కనబడ్డాయి. మధ్యలో తలుపు ఒకటి తెరిచే ఉందని, అందులోంచి ఇద్దరూ బయటపడేవారని ఆయనకి రోడ్డు మీద, ఎండలో, శిష్యుడు చెబితే తెలిసింది. లస్సాద్ పెట్టె ఎత్తుకుని పడవ వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు సలాం చెప్పాడు. మర్యాద తప్పలేదు. అదే రవూఫ్‌ని చంపింది.

లస్సాద్ ఇప్పుడు కెర్కెన్నాలో అన్నలతో కలిసి పడవ మీదికి వెళ్తున్నాడని విన్నాం. నలభై దాటాక వల లాగడం నేర్చుకుంటున్నాడు. రవూఫ్ రెండుసార్లు రేవు దాకా వెళ్ళి, పడవెక్కకుండా తిరిగొచ్చాడు. కెర్నల్‌లో తన చోటు ఇంకెవరికైనా ఇవ్వమని రాశాడు. ఎవరూ దొరకలేదు, పేరు అలాగే ఉంది. సవరణలు వస్తూనే ఉన్నాయి, ఆయన చదవకుండా పేరుకుపోతున్నాయి. మరుసటి పండగకి ఉప్పుచేప రాలేదు. సల్వా బజారు నుంచి తెచ్చి వండింది. ఆయన ఒక్క ముద్ద తిని పళ్ళెం పక్కకి జరిపాడు.

కిందటి వారం నేను హాదీ కాఫీ హోటల్లో ఉండగా ఆయన వచ్చాడు. బాగా తగ్గిపోయాడు. హాదీ అలవాటు కొద్దీ "ఈ ఏడు కాపెలా ఉంది సీ రవూఫ్?" అన్నాడు.

"చెప్పలేను" అన్నాడు రవూఫ్.

ఇప్పుడు ఏది అడిగినా అదే జవాబు. కళాశాలలో పిల్లలు సందేహం అడిగితే చెప్పలేను అంటాడు. డాక్టరు ఎక్కడ నొప్పి అంటే చెప్పలేను అంటాడు. చర్మూలాలో ఉప్పు సరిపోయిందా అని సల్వా అడిగితే చెప్పలేను అంటాడట, ఆమె ఏడ్చిందట. హాదీ నా వంక చూసి, ఈయనకేదో అయిందన్నట్టు తల పక్కన వేలు తిప్పాడు. రవూఫ్ ఫోన్ బల్లమీద, కప్పు పక్కన, తెర పైకి ఉండేట్టు పెట్టుకుని కూర్చున్నాడు. అది మోగుతుందేమోనని ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆ ఒక్క మాట వింటే చాలు, అంతా అర్థం చేసుకోగల మనిషి మా ఊరు మొత్తంలో ఒక్కడే ఉండేవాడు, అతను మళ్ళీ ఫోన్ చేయలేదు.